వైరాగ్యమా, విటమిను లోపమా?

వృద్ధురాలైన గృహిణి యొకతె క్రమక్రమముగా భోజనమునందు రుచియు, మాటలయందు ఆసక్తియు, మనుమల రాకపోకలయందు కుతూహలమును గోల్పోయి, మూలగదిలో గోడవైపు మొగము పెట్టి పరుండుచుండినచో, ఆమెకు వైరాగ్యము గలిగినదని ఇంటివారు గౌరవముతో చెప్పుకొనుట మన సంసారములలో అరుదు గాదు. జపము నడుమ మంత్రము మఱచుట, అరికాళ్లు తిమ్మిరులెక్కుచున్నవని గొణుగుట, గడప దాటునపుడు తూలుట, ఇవన్నియు వార్ధక్యము క్రింద జమకట్టబడును. ఏ కోడలో పట్టుబట్టి రక్తపరీక్ష చేయించును. ల్యాబు కుఱ్ఱవాడు మోచేతి పైన రబ్బరు పట్టీ బిగించి, పిడికిలి మూయుమని చెప్పి, చిన్న గొట్టమునిండ రక్తము తీసికొనిపోవును. మఱునాటి కాగితముమీద బి12 విటమిను మిల్లీలీటరుకు 200 పికోగ్రాములకంటె మిక్కిలి తక్కువయని ముదురు అక్షరములలో తేలును. కొన్ని వారముల సూదిమందుతో ఆ యమ్మ లేచి కూర్చుండి, పప్పులో ఉప్పు చాలలేదని ఆ కోడలినే గద్దించినచో, మనము నమస్కరించిన వైరాగ్యమెచ్చటికి పోయినది?

ఈ ప్రశ్నను నవ్వి త్రోసివేయరాదు. సూదిమందుతో కరగిపోవునది ఆధ్యాత్మికస్థితి కానేరదని భౌతికవాది యనును. ఆత్మకు రక్తముతో పనియేమని భక్తుడు కోపించును. ఇరువురును ఛాందోగ్యోపనిషత్తులోని ఆఱవ అధ్యాయమును మఱచినవారే. పండ్రెండేండ్లు గురుకులవాసము చేసి, సమస్త వేదములు చదివితినను గర్వముతో 24వ యేట ఇల్లు చేరిన శ్వేతకేతునకు, తినిన అన్నములోని సూక్ష్మాంశమే మనస్సగునని తండ్రియైన ఉద్దాలకుడు బోధించి, బోధతో తనియక ప్రయోగమునకు పూనుకొనెను. పదునైదు దినములు అన్నము ముట్టరాదు, నీరు మాత్రము కోరినంత త్రాగవచ్చును. ప్రాణము జలమయమనియు మనస్సు అన్నమయమనియు ఆయన మతము గనుక, ఒకదానిని నిలిపి వేఱొకదానిని తొలగించి చూచెనన్నమాట. నేటి ప్రయోగశాలలలోని వారును ఇంతకంటె భిన్నముగా నాలోచింపరు. గడువు తీఱినపిమ్మట ఋక్కులు చెప్పుమనగా కుమారునకు ఒక్కటియు తోపలేదు. భుజించివచ్చి అడిగినవన్నియు చెప్పెను.

మనస్సు అన్నాధీనమని యొప్పుకొన్నంతనే వేదాంతికి కొంప మునిగినదేమియు లేదు. మనస్సును దృశ్యకోటిలో జేర్చినవాడు వేదాంతియే గదా. అతనికి వైరాగ్యమనగా నిత్యానిత్యవివేకమువలన, కోరగలశక్తి యుండియు కోరకుండుట. ఆకలి చచ్చినవాడు అన్నము మానుట ఉపవాసమెట్లు గాదో, రక్తము క్షీణించినవారు లోకముపట్ల విముఖులగుట విరక్తియు నట్లే గాదు. కావున రక్తపరీక్ష వైరాగ్యమును ఖండింపదు; దాని పేరు పెట్టుకొని కూర్చున్న నీరసమును మాత్రము బయటపెట్టును. లోపము పూరించిన తరువాతను ఆ యమ్మ నగలపెట్టె తాళము కోడలి చేతిలోనే యుంచినచో, అప్పుడు మనము నిశ్శంకముగా నమస్కరింపవచ్చును. ఉద్దాలకుడును కుమారునకు మొదట అన్నము పెట్టించి, తరువాతనే తత్త్వోపదేశమును కొనసాగించెను.

సనాతన శాకాహారులను ఈ లోపము విశేషముగా వేధించుటకు కారణము స్పష్టము: బి12ను సృజించునవి సూక్ష్మజీవులు, కూరగాయలు, ధాన్యములు దానిని ఈయలేవు, ఏకభుక్తమునకు దిగి పలుచని మజ్జిగతో సరిపుచ్చుకొనువారికి పాలవలని కొద్దిపాటి ఆధారమును తగ్గిపోవును. 1926లో మైనాట్, మర్ఫీ యను అమెరికా వైద్యులు ఈ లోపమువలననే కలుగు ఒక ఘోరమైన పాండురోగమును రోగులకు నిత్యము కాలేయము తినిపించి నయముచేసిరి. ఆ చికిత్సయే నేటికిని గతియై యుండినచో మన ముత్తవ మందుకంటె మరణమునే వరించియుండును! నేటి మందు సూక్ష్మజీవుల కిణ్వనమువలన తయారగుచున్నది. ఆచారమునకు లోపము లేదు.

ఐనను రక్తము చెప్పు సాక్ష్యమును విమర్శ లేక స్వీకరింపరాదనుటకు మనవాడొకని కృషియే నిదర్శనము. 1895లో భీమవరమున జన్మించి, యౌవనమున రామకృష్ణ మిషనులో సన్న్యసింపగోరి, స్ప్రూ యను గ్రహణిజాతి వ్యాధికి సోదరులను గోల్పోయి, వైద్యశాస్త్రజ్ఞుడై అమెరికాకు వలసపోయిన యల్లాప్రగడ సుబ్బారావుగారి నాయకత్వమున, 1940ల నడిమిభాగమున లెడర్లే ప్రయోగశాల ఫోలిక్ ఆమ్లమును కృత్రిమముగా నిర్మించెను. ఎందఱికో ప్రాణదానము చేసిన ఆ మందునే బి12 లోపించినవారికి ఒంటరిగా నిచ్చినచో ఒక చిత్రము జరుగును: హిమోగ్లోబిను పెరుగును, ముఖమునకు ఎఱుపు వచ్చును, రక్తము బాగుపడినదని కాగితము చెప్పును, లోపల నాడులు మాత్రము యథాప్రకారము శిథిలమగుచునే యుండును. సుబ్బారావుగారు కీర్తిశేషులైన 1948వ సంవత్సరముననే బి12 శుద్ధరూపమున వేఱుచేయబడెను.

నైయాయికుల పరిభాషలో చెప్పవలసినచో, రక్తములోని అంకె అనుమానప్రమాణమునకు హేతువు, అది వ్యభిచరింపవచ్చును. అందుచేతనే అంకె 200కును 300కును నడుమ నూగులాడినపుడు వైద్యులు మిథైల్ మెలోనిక్ ఆమ్లమును గూడ కొలువుమందురు. అరికాలి తిమ్మిరియన్ననో, అది ఆ వృద్ధురాలికి ప్రత్యక్షము. కాగితము వచ్చుటకు ఆఱు నెలలు ముందే ఆమె దానిని చెప్పియుండెను.