పెరటి పాదులు

మా పెరటిలో బీర, ఆనప పాదులున్నవి. పేడయెరువు, బూడిద తప్ప మరేమియు వేయము. కాపు చూచి సంఘస్థులు మమ్మును మెచ్చుకొందురు. అయితే నీళ్లు మోయునది మా యిల్లాలు. మేము ఏదెను తోటనుగూర్చి ప్రసంగించువారము! కూటములకు ప్రయాణమైనప్పుడెల్ల ఆమెను పాదులకు కావలియుంచి వెళ్లుచుంటిమి. "ఒక్కసారియైనను నన్ను తీసికొనిపోయితిరా?" అని మొన్న అడిగినది. మాకు జవాబు దొరకలేదు.

అకుల, ప్రిస్కిల్లల పేరులు క్రొత్త నిబంధనలో 6 చోట్ల కనబడును. ఒక్కచోటనైనను విడిగా లేవు. కొన్ని చోట్ల ఆమె పేరే ముందు. డేరాలు కుట్టుటలోను, కొరింథు విడిచి పౌలుతో ఓడయెక్కి ఎఫెసునకు పోవుటలోను ఇద్దరును కలిసియే ఉండిరి. మీ యిండ్లలో ఎట్లున్నదో, పురుషులారా, మీరే చూచుకొనుడి.

వచ్చే కూటములకు ఇద్దరమును బయలుదేరుచున్నాము. ఈ సాయంకాలము బిందె మేమే ఎత్తితిమి. దాని బరువు ఇంతయని ఇన్నాళ్లు మాకు తెలియదు.