తప్పిన రోజును ఏమని రాయాలి?

2022 నవంబరు చివర మన రాష్ట్రంలో 6,100 కానిస్టేబుల్ పోస్టులకు నోటిఫికేషన్ వచ్చింది. 2023 జనవరి 22న ప్రిలిమ్స్ జరిగింది. పాసైన వాళ్ళు, నెలా రెండు నెలల్లో ఈవెంట్లు ఉంటాయని గ్రౌండు బాట పట్టారు. తిరుపతి, చిత్తూరు, పీలేరు, శ్రీకాళహస్తి, ఎక్కడ ఖాళీ స్థలం ఉంటే అక్కడ తెల్లవారకముందే పిల్లలు. తర్వాత ఎన్నికలు అడ్డం వచ్చాయి, కోర్టు కేసులు వచ్చాయి. ఈవెంట్లు 2024 డిసెంబరు చివరికి గానీ మొదలు కాలేదు. మెయిన్స్ 2025 జూన్ 1న జరిగింది. అంటే 1600 మీటర్లను ఎనిమిది నిమిషాల్లో పరిగెత్తగల ఒంటిని, ఆడపిల్లలైతే పదిన్నర నిమిషాల్లో పరిగెత్తగల ఒంటిని, ఎప్పుడు పెడతారో తెలియని పరీక్ష కోసం దాదాపు రెండేళ్ళు కాపాడుకోవలసి వచ్చింది.

వడ్లయితే గాదెలో పోసి మూత పెట్టవచ్చు. దమ్మును దాచిపెట్టే గాదె లేదు. రెండు మూడు వారాలు పరుగు ఆపితే తగ్గడం మొదలవుతుంది. నెలజీతం వచ్చే ఇంటి పిల్లవాడికి ఈ రెండేళ్ళు కోచింగ్, పాలు, గుడ్లు. మన పిల్లలకు ఇవే రెండేళ్ళు రెండు మామిడికాయల సీజన్లు, రెండు చెరకు నరుకుళ్ళు, ఒక చెల్లెలి పెళ్ళి, నాయనను రుయా ఆసుపత్రిలో చూపించుకోవడం. తోతాపురి కాయలు దిగే జూన్, జూలై నెలల్లో రాత్రంతా లారీకి లోడెత్తిన పిల్లవాడు పొద్దున నాలుగున్నరకు గ్రౌండులో ఉండలేదు. ఉండలేదంటే అది అతని లోపమా? దీన్ని గురించే నాలుగు మాటలు చెప్పుకుందాం. ఉద్యోగం ఎలా సంపాదించాలో చెప్పే పుస్తకాలు బజారులో చాలా ఉన్నాయి. మనం మాట్లాడవలసింది వేరే ఉంది.

మేము పిల్లలకు మొదట చెప్పేది, రాసుకోండి అని. తేదీ, ఎన్ని రౌండ్లు, ఎంత సమయం. 400 మీటర్ల ట్రాక్ మీద 1600 అంటే నాలుగు రౌండ్లు. ఎనిమిది నిమిషాలంటే రౌండుకు రెండు నిమిషాలు. పదిన్నర నిమిషాలంటే రౌండుకు రెండు నిమిషాల ముప్పయ్యేడున్నర సెకన్లు. మన కాలనీల పక్కన ట్రాకులు ఉండవు కాబట్టి చెరువు కట్ట మీద తాడుతో కొలిచి గుర్తుకు రాళ్ళు పెట్టుకుంటారు. ఇది మంచి పనే. కొలత తెలియని పరుగు అలసటనే మిగులుస్తుంది. ముందుకు పోతున్నామో వెనక్కు పోతున్నామో చెప్పదు.

పిల్లలు తెచ్చి చూపించే ఆ నోటుపుస్తకాల్లో ఒక సంగతి పదేపదే కనిపిస్తుంది. మొదటి పది పేజీలు నిండుగా ఉంటాయి. తర్వాత ఖాళీ. ఆ తర్వాత కొత్త పేజీ తీసి, పైన గీత కొట్టి, మళ్ళీ 'మొదటి రోజు' అని రాసి ఉంటుంది. ఒకే పుస్తకంలో నాలుగు మొదటి రోజులు! కొందరు పాత పేజీలు చించి పారేస్తారు. ఎందుకు చించావురా అంటే, "అది చూస్తే సిగ్గేస్తా ఉండాది సార్" అంటారు. ఫోన్లో పరుగు లెక్కించే యాప్‌లు కూడా ఇదే నేర్పుతున్నాయి. వరసగా ముప్పై రోజులు పరిగెత్తితే మెచ్చుకుంటాయి. ముప్పయ్యొకటో రోజు తప్పితే వరస సున్నా. ఆ ముప్పై రోజులు కాళ్ళలో చేరిన బలం సున్నా అవుతుందా? ఒళ్ళు అలా లెక్క వెయ్యదు. కొన్నాళ్ళు ఆపి తిరిగి మొదలుపెట్టినవాడు, ఎన్నడూ పరిగెత్తని వాడికంటే త్వరగా పాత సమయానికి చేరుకుంటాడు. చించిన పేజీల్లో ఉన్నది వాడు సంపాదించుకున్న ఆస్తే.

మన తెలుగులో 'తప్పు' అనే మాట చుట్టూ ఎన్ని మాటలు ఉన్నాయో చూడండి. దారి తప్పింది అంటే ఎవరూ పాపం చేసినట్టు కాదు. పనికి పోక తప్పలేదు అంటే వేరే దారి లేదని అర్థం. తప్పించుకున్నాడు అంటే దారి ఉండి కూడా పోలేదని. తప్పు చేశాడు అంటే నేరం. నాలుగూ వేరువేరు సంగతులు. నోటుపుస్తకంలోని ఖాళీ గడి ఈ నాలుగింటినీ కలిపి ఒకటే చేసేస్తుంది. చూసిన ప్రతిసారీ అది నేరంలాగే కనబడుతుంది. అందుకే పేజీ చిరుగుతుంది.

కాబట్టి ఆ గడిని ఖాళీగా వదలవద్దు అంటాం. "తప్పలేదు, నాయనకు జ్వరం" అని రాయండి. "తప్పలేదు, కాయల లోడు" అని రాయండి. మెలకువ వచ్చి కూడా దుప్పటి కప్పుకుని పడుకుంటే, "తప్పించుకున్నా" అని రాయండి. ఈ చివరి మాట రాయడానికి మనసు ఒప్పదు. అయినా దాన్ని రాసిన రోజే, పైన రాసిన 'తప్పలేదు' అన్న మాటలకు విలువ వస్తుంది.

ఇలా కారణాలు రాసుకుంటూ పోతే అది సాకుల చిట్టా అవుతుందని కొందరు ఉపాధ్యాయ మిత్రులు అంటారు. పట్టుదల ఉన్నవాడికి పరిస్థితులు అడ్డం కావు అని కూడా అంటారు. ఈ రెండో మాట మనకు అస్సలు నచ్చదు. వేదికల మీద చెప్పుకోవడానికి బాగుంటుంది గానీ, రాత్రి లోడెత్తి వచ్చినవాడి ముందు నిలబడి అనగల మాట కాదు. మొదటి మాటలో మాత్రం నిజం ఉంది. కారణానికీ సాకుకూ తేడా ఎలా తెలుస్తుంది? ఒక రోజును చూస్తే తెలియదు, నెలను చూస్తే తెలుస్తుంది. కాయల సీజను అయిపోయాక కూడా 'కాయల లోడు' అని ఉంటే, రాసినవాడికే నవ్వు వస్తుంది. పక్కవాడు చెప్పనక్కరలేదు. పేజీలు చించేసినవాడికి మాత్రం ఈ తేడా ఎప్పటికీ తెలియదు.

ఇక్కడ ఇంకొక సంగతి ఉంది. మనవాళ్ళకు లెక్కపుస్తకం అంటేనే బెదురు. దానికి చరిత్ర ఉంది. 1871లో వచ్చిన నేరస్థ తెగల చట్టాన్ని 1911 చట్టంతో మద్రాసు రాజధానికీ వర్తింపజేశారు. ఎరుకలను, సుగాలీలను, యానాదుల్లో కొందరిని ఆ జాబితాల్లోకి ఎక్కించారు. వేలిముద్రలు తీసుకున్నారు. ఊరు దాటాలంటే చెప్పి పోవాలి, చెప్పిన వేళకు హాజరు చెప్పుకోవాలి. అక్కడ ఒక రోజు తప్పితే అది నిజంగానే నేరం. మద్రాసు రాష్ట్రంలో 1947లో, దేశమంతటా 1952లో ఆ చట్టం పోయింది. అదే కాలంలో మద్రాసు మ్యూజియం అధికారి ఎడ్గార్ థర్స్టన్ మన మనుషుల ఎత్తు, తల, ముక్కు కొలిపించి అంకెలు రాసుకున్నాడు. 1909లో ఏడు సంపుటాలుగా వచ్చిన ఆయన గ్రంథంలో మన తెగలన్నీ ఉన్నాయి. కొలిచినవాళ్ళకు ఆ అంకెలు పనికివచ్చాయి. కొలిపించుకున్నవాళ్ళకు వాటితో ఏ పనీ లేదు. ఇటుక బట్టీల దగ్గర, చెరకు తోటల దగ్గర మేస్త్రీ చేతిలో ఉండే అడ్వాన్సు పుస్తకం సంగతి చెప్పనే అక్కరలేదు. అందులో ఏం రాశాడో తాతకు తెలియదు, నాయనకు తెలియదు. మా ఉపాధ్యాయుల దగ్గర ఉండే హాజరుపట్టీ మాత్రం? గైర్హాజరు అని రాయడానికి గడి ఉంది, ఎందుకు రాలేదో రాయడానికి గడి లేదు.

వందేళ్ళకు పైగా మన ఒంటి లెక్క, మన రాకపోకల లెక్క వేరేవాళ్ళ చేతిలోనే ఉంది. ఈ రోజుకీ శేషాచలం అంచున చీకట్లో పరిగెత్తే పిల్లవాణ్ణి ఎవరో ఒకరు ఆపి, "యాడికప్పా పరిగెత్తతా ఉండావు?" అని అడుగుతారు. 2015 ఏప్రిల్ 7న ఆ అడవిలో ఇరవైమంది తమిళ కూలీలు పోలీసు కాల్పుల్లో చనిపోయారు. వాళ్ళలో జవ్వాది కొండల వైపు గిరిజనులు చాలామంది. ఆ తర్వాత అడవి అంచున పరిగెత్తడం మనవాళ్ళకు ఒట్టి వ్యాయామంగా మిగల్లేదు. అందుకని మన పిల్లవాడు పది రూపాయల నోటుపుస్తకం కొనుక్కుని తన పరుగును తన చేత్తో రాసుకోవడం చిన్న విషయం అనుకోము. ఆ పుస్తకం వాడిది. అందులో ఏ రోజును ఏమనాలో నిర్ణయించేదీ వాడే.

మరి ఏ అంకెను లక్ష్యంగా పెట్టుకోవాలి? కానిస్టేబుల్ కొలువుకు రెండు రకాల కొలతలు ఉన్నాయి. ఒకటి మనం మార్చగలిగేది, పరుగు సమయం, లాంగ్‌జంప్ దూరం. రెండోది మార్చలేనిది, ఎత్తు. మగపిల్లలకు 167.6 సెంటీమీటర్లు, ఆడపిల్లలకు 152.5. గిరిజనులకు 160కి, 150కి సడలింపు ఉంది గానీ, అది శ్రీకాకుళం నుంచి పశ్చిమ గోదావరి దాకా ఉన్న పాత జిల్లాల ఏజెన్సీ ప్రాంతాల వాళ్ళకు. మైదానంలో ఉన్న యానాది, ఎరుకల, సుగాలీ, నక్కల పిల్లలకు అది వర్తించదు. పుట్టినప్పటి నుంచి తిన్న తిండి ఎత్తులో కనబడుతుంది. ఏజెన్సీలో అయినా, ఏర్పేడు పక్కన కాలనీలో అయినా. ఇది మన సంఘాలు అర్జీలు పెట్టి, అడిగి సాధించుకోవలసిన విషయం. చెట్టుకొమ్మకు వేలాడి సాధించేది కాదు. పద్దెనిమిది దాటిన పిల్లలు ఎత్తు పెరగాలని ఏవేవో పొడులు కొనుక్కుంటున్నారు. ఆ డబ్బుతో గుడ్లు కొనుక్కోమని చెప్పడం మా పని. మార్చలేని అంకెను లక్ష్యంగా పెట్టుకున్నవాడు రోజూ తనను తాను కొట్టుకుంటూ ఉంటాడు. అన్యాయమైన కొలత ముందు ఓడిపోవడం మన ఒంటి తప్పు కాదని పిల్లలకు పెద్దవాళ్ళే చెప్పాలి.

ఆడపిల్లల విషయంలో ఇంకొంచెం జాగ్రత్తగా ఉండాలి. మూడో రౌండుకే ఊపిరి అందక కూర్చుండిపోయే అమ్మాయిని చూసి బద్ధకం అనేస్తారు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడత ప్రకారం మన రాష్ట్రంలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో 58.8 శాతం మందికి రక్తహీనత ఉంది. ప్రాణవాయువును మోసేది రక్తంలోని హిమోగ్లోబిన్. అది తక్కువైతే పట్టుదల ఎంత ఉన్నా దమ్ము నిలవదు. గర్భం లేని ఆడవాళ్ళకు అది 12 గ్రాముల కంటే తగ్గకూడదు. అందుకే అమ్మాయిల నోటుపుస్తకంలో మొదటి పేజీలో రాయవలసిన అంకె రౌండు సమయం కాదు, హిమోగ్లోబిన్. పీహెచ్‌సీలో పరీక్ష చేయించుకుని రాసుకోవాలి. మూడు నెలల తర్వాత మళ్ళీ రాసుకోవాలి. బడిలో వారానికొకసారి ఇచ్చే నీలం రంగు ఐరన్ మాత్రను కిటికీలోంచి విసిరేసే పిల్లలకు, దానికీ పరుగుకూ ఉన్న సంబంధం చెబితే మింగుతారు. వికారంగా ఉంటే అన్నం తిన్నాక వేసుకోమనాలి. ఆ మూడు నెలలూ పరుగు సమయం తగ్గకపోయినా, రక్తం తొమ్మిది నుంచి పదకొండుకు పెరిగితే ఆమె ముందుకు పోయినట్టే. నెలసరి రోజుల్లో ఒళ్ళు సహకరించక నడకతో సరిపెట్టుకుంటే, అదీ రాసుకోవలసిన విషయమే గానీ దాచుకోవలసింది కాదు.

మాలావత్ పూర్ణ పేరు మన పిల్లలందరికీ తెలుసు. నిజామాబాద్ జిల్లా పాకాల అమ్మాయి. మన తిరుపతి దగ్గర పాకాల కాదు. గురుకులంలో చదువుకున్న లంబాడా బిడ్డ. 2014 మే 25న, పదమూడేళ్ళ పదకొండు నెలల వయసులో ఎవరెస్టు ఎక్కింది. ఆమె ఫొటో చాలా బడుల గోడల మీద ఉంది. ఆ ఫొటో చెప్పని కథ తర్వాతిది. ఏడు ఖండాల్లోని ఎత్తైన శిఖరాలు ఏడూ ఎక్కడానికి ఆమెకు 2022 దాకా, ఎనిమిదేళ్ళు పట్టింది. 2019 చివరలో అంటార్కిటికాలోని విన్సన్ ఎక్కాక ఒక్క శిఖరమే మిగిలింది. అప్పుడే కరోనా వచ్చి ప్రపంచం మూతపడింది. చివరిదైన అలాస్కాలోని డెనాలీ 2022 జూన్‌కు గానీ పూర్తి కాలేదు. మధ్యలో రెండున్నరేళ్ళు. ఆ వ్యవధి వచ్చిందని ఎవరూ ఆమె లెక్కను ఒకటో శిఖరం నుంచి మళ్ళీ మొదలుపెట్టమనలేదు. ఆరు ఆరుగానే ఉన్నాయి, ఏడోది వాటికి చేరింది. ఎవరెస్టు ఎక్కిన రోజుకంటే ఈ రెండున్నరేళ్ళ గురించి పిల్లలకు ఎక్కువ చెప్పాలని మా అభిప్రాయం.

అందరికీ కొలువు రాదు. వయసు మీరినవాళ్ళు, ఎత్తు చాలనివాళ్ళు, మెయిన్స్‌లో మార్కులు తప్పినవాళ్ళు ఉంటారు. మరుసటి రోజు నుంచి గ్రౌండు ముఖం చూడరు. మందుకు అలవాటు పడినవాళ్ళూ ఉన్నారు. రెండేళ్ళు కాపాడుకున్న ఒళ్ళు ప్రభుత్వానికి పనికిరాకపోతే మనకూ పనికిరాదా? ఎత్తు చాలక వెనక్కు వచ్చిన ఒక అమ్మాయి మాత్రం ఇంకా చెరువు కట్ట మీద పరిగెత్తుతోంది. ఎందుకమ్మా అంటే, "నాది మానుకోలేదు సార్, వాళ్ళది మానుకున్నా" అంది. ఆమె లెక్కలో వాళ్ళది అంటే పదిన్నర నిమిషాలు. తనది ఎంతో మాకు చెప్పలేదు.

ఉపాధ్యాయులకు ఒక్క మాట. ఈ నోటుపుస్తకాలను హోంవర్కులాగా అడిగి తీసుకుని, ఎర్ర ఇంకుతో టిక్కు పెట్టి, ఎవరిది బాగుందో తరగతిలో చదివి వినిపించాలని అనిపిస్తుంది. అలా చేస్తే మరుసటి వారమే అందులో అబద్ధాలు మొదలవుతాయి. 'తప్పించుకున్నా' అన్న మాట మాయమైపోతుంది. పుస్తకం మళ్ళీ వేరేవాళ్ళ చేతిలోకి పోయిందని పిల్లలకు తెలిసిపోతుంది. కాబట్టి మేము అడగం. తెచ్చి చూపిస్తే చూస్తాం, ఏదైనా అడిగితే చెబుతాం, తిరిగి వాళ్ళ చేతికే ఇచ్చేస్తాం.