అసంపూర్ణత - కవి స్వధర్మం: సింహపురి సీమ కవుల ఆధారంగా ఒక పరిశీలన

ఉపోద్ఘాతం

దోషం లేని రచన సాధ్యమేనా? సాధ్యం కాదని తెలిసీ కవి కలం పట్టడం సాహసమా, బాధ్యతారాహిత్యమా? పూర్వకవి సగంలో విడిచిన పనిని పూరించకుండా ముందుకు సాగిపోయిన కవిని తప్పుపట్టాలా? ఈ ప్రశ్నలు అలంకారశాస్త్ర పరిధిలోనే ముగిసేవి కావు. రచనకు పూనుకొన్న ప్రతి వ్యక్తీ ఏదో ఒక దశలో ఎదుర్కొనే నైతిక ప్రశ్నలు ఇవి.

తెలుగు సాహిత్య చరిత్రలో ఈ ప్రశ్నలకు ఆచరణలో సమాధానం చెప్పిన కవులు ముగ్గురు పెన్నా తీరంతోను, దానికి ఉత్తరాన ఉన్న పాకనాటి తీరంతోను ముడిపడి కనిపిస్తారు. నెల్లూరును ఏలిన మనుమసిద్ధి మంత్రి తిక్కన ఒకరు. గుడ్లూరు వాడని సాహిత్య చరిత్రకారులు చెప్పే ఎఱ్ఱన రెండవవారు. మూడవవారు మొల్ల. ఆమె చెప్పుకొన్న గోపవరం నెల్లూరు ప్రాంతానిదా, కడప ప్రాంతానిదా అన్న వాదం ఉన్నా, నెల్లూరు సాహిత్య సంప్రదాయం ఆమెను తనదిగానే భావిస్తూ వచ్చింది. ఒకరు లోపాన్ని లోపంగానే ఉంచి ముందుకు సాగారు. ఒకరు ఇతరుల లోటును పూరించారు. ఒకరు తన లోటును నలుగురి ఎదుట ఒప్పుకొన్నారు. పరస్పర విరుద్ధంగా కనిపించే ఈ మూడు మార్గాల వెనుక ఉన్న నైతిక సూత్రం ఒకటేనా అన్నది ఈ వ్యాసంలో పరిశీలనాంశం.

దోషచర్చ: ఆలంకారికుల రెండు దృష్టులు

కావ్యంలో దోషాన్ని గురించి ఆలంకారికులది ఏకాభిప్రాయం కాదు. దండి దృష్టి కఠినమైనది. ఎంత అందమైన శరీరానికైనా ఒక్క బొల్లిమచ్చ చాలు వికారం కలిగించడానికి. కాబట్టి కావ్యంలో చిన్న దోషాన్నైనా ఉపేక్షించరాదని ఆయన అభిప్రాయం. 11వ శతాబ్దికి చెందిన మమ్మటుడు కావ్యలక్షణం చెబుతూ శబ్దార్థాలు దోషరహితంగా ఉండాలన్నాడు. అలంకారం ఒక్కొక్కచోట లేకపోయినా అంగీకరించాడు గాని, దోషం విషయంలో అటువంటి సడలింపు ఇవ్వలేదు.

14వ శతాబ్దికి చెందిన విశ్వనాథుడు సాహిత్యదర్పణంలో ఈ లక్షణాన్నే ఆక్షేపించాడు. దోషం లేనిదే కావ్యమంటే లోకంలో కావ్యమనదగినది బహు అరుదవుతుంది, లేదా అసలు లేకుండానే పోతుందన్నది ఆయన వాదం. పురుగు తొలిచిన రత్నం విలువ తగ్గవచ్చునేమో గాని, అది రత్నం కాకుండా పోదన్న దృష్టాంతాన్ని ఆయన ఆదరించాడు. ఈ చర్చలో ఉన్నది నిర్వచన సమస్య మాత్రమే కాదు. దోషరాహిత్యాన్ని ప్రవేశార్హతగా పెడితే ఎవరు లోపలికి రాగలరు, ఎవరు గడప బయటే నిలిచిపోతారు అన్న ప్రశ్న కూడా ఇందులో ఉంది. మొల్ల ప్రసక్తిలో ఈ ప్రశ్న మళ్ళీ వస్తుంది.

అలంకారశాస్త్రం రచన గుణదోషాలను తూచుతుంది. రచయిత ఆ పనికి పూనుకోవచ్చునా లేదా అన్నది ధర్మశాస్త్ర సంబంధమైన ప్రశ్న. ఈ ప్రశ్నకు భగవద్గీతలో ఒక ఆధారం దొరుకుతుంది. చక్కగా ఆచరించిన పరధర్మం కన్న గుణం కొరవడిన స్వధర్మమే మేలని మూడవ అధ్యాయం చెబుతుంది. సహజమైన కర్మ దోషంతో కూడినదైనా విడువరాదని, నిప్పును పొగ ఆవరించినట్టు ప్రతి కార్యాన్నీ ఏదో ఒక దోషం ఆవరించే ఉంటుందని పద్దెనిమిదవ అధ్యాయం చెబుతుంది. వర్ణధర్మ సందర్భంలో చెప్పిన ఈ మాటలను సృజనకు అన్వయించేటప్పుడు జాగ్రత్త అవసరం. ఇక్కడ స్వధర్మమంటే పుట్టుక నిర్ణయించినది కాదు, కవి అభినివేశం నిర్ణయించినది. ఈ పరిమితితో స్వీకరిస్తే, దోషభయం కార్యత్యాగానికి తగిన కారణం కాదన్న సూత్రం కవికీ వర్తిస్తుంది.

తిక్కన: విడిచిపెట్టడంలోని వివేకం

తిక్కన తొలి కావ్యం నిర్వచనోత్తర రామాయణం. పేరులోనే కవి పెట్టుకొన్న నియమం ఉంది. వచనం ఒక్కటి కూడా లేకుండా కేవలం పద్యాలతో కథ నడపడం ఆ నియమం. చంపూపద్ధతి స్థిరపడుతున్న కాలంలో ఇది స్వయంగా విధించుకొన్న కఠిన పరీక్ష. కావ్యరచన ఎలా ఉండాలో, ఎలా ఉండరాదో ఆ కావ్యావతారికలో తిక్కన వివరంగా చెప్పుకొన్నాడు. తిక్కనను మామా అని పిలిచే చనువుతో మనుమసిద్ధి కోరగా ఆ కావ్యకన్యను ఆయనకే అంకితమిచ్చాడు. రాజాదరణ, శిల్పనియమం, యువకవి పట్టుదల అన్నీ కలిసిన ఆ కావ్యం పది ఆశ్వాసాలతో ఆగిపోయింది. రామనిర్యాణ ఘట్టం అందులో లేదు. తరవాతి కాలంలో జయంతి రామభట్టు పదకొండవ ఆశ్వాసం రాసి దానిని పూర్తిచేశాడు.

మహాభారతానికి పూనుకొన్న తిక్కన వేరు. నిర్వచన నియమాన్ని ఆయన కొనసాగించలేదు. పద్యంతో పాటు వచనాన్నీ స్వీకరించాడు. అంకితానికి రాజును విడిచి హరిహరనాథుని ఎంచుకొన్నాడు. విరాటపర్వం మొదలు పదిహేను పర్వాలు పూర్తిచేశాడు. నియమబద్ధమైన చిన్న కావ్యం అసంపూర్ణంగా మిగిలి, నియమాన్ని సడలించుకొన్న మహాకార్యం సంపూర్ణం కావడం గమనింపదగినది. దీనిని కేవలం యాదృచ్ఛికమని తీసివేయవచ్చు. అయితే సంధివిగ్రహాలూ యుద్ధాలూ నిండిన రాజ్యంలో మంత్రిగా ఉంటూ పదిహేను పర్వాలకు పూనుకొన్న వ్యక్తి, ఏ నియమాన్ని నిలబెట్టుకోవాలో, ఏ నియమాన్ని వదులుకోవాలో ఆలోచించకుండా ఆ పని తలపెట్టి ఉండడు. వచనాన్ని స్వీకరించడం శిల్పంలో దిగజారడం కాదు. కార్యం పరిమాణాన్ని గుర్తించడం.

అంతకన్న చర్చనీయమైనది అరణ్యపర్వ విషయం. నన్నయ రచన అరణ్యపర్వం నాలుగవ ఆశ్వాసం 142వ పద్యం దగ్గర ఆగింది. తిక్కన ఆ శేషాన్ని ముట్టుకోకుండా విరాటపర్వంతో మొదలుపెట్టాడు. ఎందుకో ఆయన చెప్పలేదు. అరణ్యపర్వం జోలికి పోతే కీడు కలుగుతుందన్న నమ్మకాన్ని కొందరు కారణంగా చూపారు. నన్నయ మొదటి మూడు పర్వాలను రచించినట్టే తిక్కన అవతారికలో పేర్కొన్నాడు కాబట్టి, ఆనాటికి అరణ్యపర్వం పూర్తిగానే ఉండి తరవాత కొంతభాగం ఖిలమైందని వాదించినవారూ ఉన్నారు. ఆ వాదాన్ని అంగీకరిస్తే ఇక్కడ నైతిక ప్రశ్నే ఉండదు. అంగీకరించకపోతే మాత్రం ప్రశ్న మిగులుతుంది.

అరణ్యపర్వ శేషం రాయాలంటే నన్నయ ఆపిన వాక్యం దగ్గర నుంచి, ఆయన గొంతుతో, ఆయన నడకతో రాయాలి. తిక్కన గొంతు వేరు. సంభాషణను నాటకీయంగా నడపడం, తెలుగు నుడికారంతో పాత్ర మనసును పట్టి చూపడం ఆయన ప్రత్యేకత. విరాటపర్వంలో ద్రౌపదీ కీచకుల ఘట్టం ఆ ప్రత్యేకతకు మొదటి అడుగులోనే అవకాశమిచ్చింది. మరొకరి శైలిలో దోషం లేకుండా రాయడం కన్న, ఖాళీని ఖాళీగా ఉంచి తన శైలిలో రాయడమే తిక్కన స్వధర్మమైంది. భీష్మపర్వంలో భగవద్గీతను ఆయన బాగా సంక్షేపించాడన్నది తెలిసినదే. స్వధర్మాన్ని బోధించే గ్రంథాన్ని కుదించిన కవి రచనాక్రమంలో మాత్రం ఆ బోధనే పాటించినట్టు కనిపిస్తాడు.

ఎఱ్ఱన: పూరణలోని వినయం

తిక్కన చేసినది సరియైనదైతే ఎఱ్ఱన చేసినది ఏమవుతుంది? ఈ ప్రశ్న సహజం. నన్నయకు దాదాపు 300 ఏళ్ళ తరవాత, అద్దంకి పాలకుడు ప్రోలయ వేమారెడ్డి ఆస్థానంలో ఉన్న ఎఱ్ఱన అరణ్యపర్వ శేషాన్ని పూరించాడు. నన్నయ శరద్రాత్రుల వర్ణన దగ్గర ఆగితే, ఎఱ్ఱన శరత్కాల సూర్యోదయంతో అందుకొన్నాడు. కృతిని తన ప్రభువుకు కాక నన్నయ ప్రభువైన రాజరాజనరేంద్రునికే అంకితం చేశాడు. నన్నయ రచనే అన్నట్టుగా నడిపి, పర్వం చివర ఒక పద్యంలో మాత్రం తన పేరు చెప్పుకొన్నాడు.

పైపైన చూస్తే ఇది పరధర్మాన్ని ఆచరించడమే. లోతుగా చూస్తే అలా కాదు. నన్నయ పద్ధతిలో మొదలై క్రమంగా తిక్కన పద్ధతికి చేరే నడకను నిర్మించడం ఎఱ్ఱనకు మాత్రమే సాధ్యమైన పని. ఇద్దరి మధ్య నిలిచి ఇద్దరినీ కలపడమే ఆయన అభినివేశం. తిక్కన ఆ పనికి పూనుకొని ఉంటే అది పరధర్మమయ్యేది. ఎఱ్ఱన పూనుకొన్నప్పుడు అది స్వధర్మమైంది. పని ఒకటే. చేసే వ్యక్తిని బట్టి దాని నైతిక స్వరూపం మారింది.

ఇక్కడ మరో విషయం గమనించాలి. ఎఱ్ఱన వేమారెడ్డికి అంకితమిచ్చిన రామాయణం నేడు అలభ్యం. స్వతంత్రంగా రచించిన ఆ కావ్యం కాలగర్భంలో కలిసిపోగా, మరొకరి ఛాయలో రాసిన అరణ్యపర్వ శేషం భారతంతో పాటు నిలిచింది. రచన ఎంత నిర్దుష్టమైనా దాని నిలకడ కవి చేతిలో లేదు. కవి చేతిలో ఉన్నది ఏ పనికి పూనుకోవాలన్న నిర్ణయం ఒక్కటే. కాబట్టి శాశ్వతత్వాన్ని లక్ష్యంగా పెట్టుకొని, నిర్దుష్టత కోసం రచనను వాయిదా వేయడానికి తార్కికమైన ఆధారం లేదు.

మొల్ల: ఒప్పుకోలులోని స్వాతంత్ర్యం

తిక్కన, ఎఱ్ఱనలు శాస్త్రపరిచయం ఉన్నవారు. వారు లోపాన్ని అంగీకరించడం ఒక ఎంపిక. కుమ్మరి కుటుంబానికి చెందినదిగా సంప్రదాయం చెప్పే మొల్లకు ఆ ఎంపిక లేదు. మమ్మటుడు కావ్యానికి శక్తి, నిపుణత, అభ్యాసం కారణాలన్నాడు. లోకాన్ని, శాస్త్రాలను, పూర్వకావ్యాలను పరిశీలించడం వల్ల నిపుణత కలుగుతుందన్నాడు. శాస్త్రాధ్యయనానికి అవకాశమే లేనివారికి ఈ రెండవ కారణం మొదటి నుంచీ మూసిన తలుపు.

రామాయణ అవతారికలో మొల్ల తాను శాస్త్రాలు నేర్చినదాన్ని కానని, గోపవరపు శ్రీకంఠ మల్లేశుని దయతోనే కవిత్వం చెప్పగలుగుతున్నానని చెప్పుకొంది. తనకు తెలియనివాటిని ఒక్కొక్కటిగా పేర్కొంది. ఇది అవతారికలలో మామూలుగా కనిపించే వినయమేనని కొట్టివేయవచ్చు. తెలియనివని చెప్పిన వాటి పేర్లన్నీ ఆమెకు తెలుసునన్నది కూడా నిజమే. అయినా వినయప్రకటన తరవాత ఆమె ఏం చేసిందన్నదే ముఖ్యం. ఆమె వెనక్కి తగ్గలేదు. పూర్వకవులు చెప్పిన రామకథను తాను మళ్ళీ ఎందుకు చెబుతున్నదో కారణం చెప్పింది. విన్న వెంటనే అర్థం కాని కవిత్వం వల్ల ప్రయోజనం లేదన్న తన కావ్యాదర్శాన్ని స్పష్టం చేసింది. ఆరు కాండల రామాయణాన్ని రాజుకు కాక రామునికే అంకితం చేసింది.

అంటే ఆమె ఒప్పుకోలు క్షమాపణ కాదు. తనను ఏ ప్రమాణంతో కొలవాలో ముందే నిర్ణయించిన ప్రకటన. శాస్త్రప్రౌఢిమ అనే కొలమానంతో చూస్తే లోటుగా కనిపించేది, సుబోధకత అనే కొలమానంతో చూస్తే గుణమవుతుంది. దోషరాహిత్యమే అర్హత అని ఆమె నమ్మి ఉంటే తెలుగులో ఆ రామాయణం ఉండేది కాదు. విశ్వనాథుడు సిద్ధాంతరీత్యా లేవనెత్తిన ఆక్షేపణకు మొల్ల జీవితం సామాజికమైన నిదర్శనం.

అసంపూర్ణత, అశ్రద్ధ

ఈ వాదానికి ఒక ఆక్షేపణ తప్పదు. అసంపూర్ణతను ఆదరించాలంటే ప్రతి అజాగ్రత్తకూ సమర్థన దొరికినట్టే కదా? అభినివేశం ఉంటే చాలునంటే కుకవికీ సుకవికీ భేదమేమిటి?

పై ముగ్గురి ఆచరణలోనే దీనికి సమాధానం ఉంది. తిక్కన మొత్తం భారతాన్ని ఒక కొసనుంచి మరొక కొస వరకు తానే పూర్తిచేయాలనుకోలేదు. చేసిన పదిహేను పర్వాలను మాత్రం ప్రబంధమండలిగా భావించి ఒక్కొక్కదాన్ని శ్రద్ధతో తీర్చాడు. ఎఱ్ఱన తన పేరును పక్కన పెట్టాడు గాని, అతుకు కనిపించకుండా చేయవలసిన శ్రమను తగ్గించలేదు. మొల్ల శాస్త్రం రాదన్నది గాని, పద్యాన్ని నిర్లక్ష్యంగా విడిచిపెట్టలేదు. ముగ్గురిలోనూ లోపం మొదట గుర్తింపుకు వచ్చింది, తరవాత స్వీకృతమైంది. తమకు అందని దానిని అందినట్టు నటించలేదు. అందిన దానిలో శ్రమ తగ్గించలేదు. అశ్రద్ధలో ఈ రెండు లక్షణాలూ ఉండవు. అశ్రద్ధ గల రచయితకు తన లోపం కనిపించదు. కనిపించినా దాన్ని దాచుతాడు.

మరొక లక్షణం కూడా ఉంది. స్వీకరించిన అసంపూర్ణత ఇతరులకు చోటు మిగులుస్తుంది. తిక్కన విడిచిన చోట ఎఱ్ఱనకు పని దొరికింది. నిర్వచనోత్తర రామాయణం ఆగిన చోట రామభట్టుకు పని దొరికింది. మూడు శతాబ్దాల పొడవునా ముగ్గురి చేతులమీదుగా రూపుదిద్దుకొన్న ఆంధ్రమహాభారతమే ఇందుకు పెద్ద ఉదాహరణ. ఒక్కరే నిర్దుష్టంగా పూర్తిచేయాలన్న నియమం ఉండి ఉంటే ఆ గ్రంథం తెలుగువారికి దక్కేది కాదు.

ముగింపు

తిక్కన విడిచాడు, ఎఱ్ఱన పూరించాడు, మొల్ల ఒప్పుకొంది. పనులు మూడైనా వాటి వెనుక ఉన్న నిర్ణయం ఒకటే: ఇది నా పనేనా అన్న ప్రశ్నను ఇది లోపం లేకుండా చేయగలనా అన్న ప్రశ్నకు ముందు ఉంచడం. మొదటి ప్రశ్నకు అవునన్న సమాధానం వచ్చిన తరవాత రెండవ ప్రశ్న పని మానడానికి కారణం కాలేదు; పనిలో శ్రద్ధ వహించడానికి కారణమైంది. నిర్దుష్టత కవికి గమ్యంగా ఉండదగినదే. దానిని గడపగా మార్చినప్పుడు నష్టపోయేది కవి ఒక్కరే కాదు. చదువు, సమయం, ఆదరణ కొరవడినవారే ఆ గడప దగ్గర మొదట ఆగిపోతారు. వారు చెప్పవలసిన మాట భాషకు అందకుండా పోతుంది. రచనల గుణదోష విచారణ విమర్శకుల కర్తవ్యం. రచనకు పూనుకొనే అర్హతను ఆ విచారణతో కలిపివేయకుండా చూడడం కూడా వారి కర్తవ్యమేనని సింహపురి సీమ కవుల ఆచరణ సూచిస్తున్నది.