వ్యసనము ముందా, గాయము ముందా?

త్రాగుడుకు బానిసయైన వాడొకడు మఠము వాకిట నిలిచినపుడు, "ముందు మానుకొని రమ్ము, పిమ్మట మాటలాడుదము" అను మాట వినబడుచుండును. పైకి ఇది ధర్మమువలెనే తోచును. శుచి లేనివాడు లింగపూజకు ఎట్లు తగును? అయితే మానలేకపోవుటయే వాని వ్యాధియైనపుడు, వ్యాధి కుదిరిన పిమ్మట వైద్యుని యొద్దకు రమ్మనుట ఎట్టి న్యాయము? బసవేశ్వరుని మార్గమున నడచు కుటుంబములు విచారింపవలసిన ప్రశ్న ఇది.

ఈ ప్రశ్న మఠములకే గాక వైద్యశాలలకును ఎదురైనది. యుద్ధము, బాల్యమున అనుభవించిన హింస, అత్యాచారము, ఘోరప్రమాదము, కన్నులయెదుట ఆత్మీయుల మరణము మనస్సునకు లోతైన గాయము చేయగలవు. పీడకలలు, నిద్రలేమి, చిన్న చప్పుడుకే ఉలికిపడుట, జరిగినది మరల మరల కన్నులకు కట్టుట దాని లక్షణములు. అమెరికా మనోవైద్యుల సంఘము 1980లో దీనిని ప్రత్యేకవ్యాధిగా తన వర్గీకరణమున చేర్చినది. ఈ వ్యాధి గలవారిలో పలువురు మద్యమునకో మత్తుమందులకో బానిసలగుట వైద్యులు గమనించిరి. భరింపరాని బాధను అణచుకొనుటకే పలువురు మత్తును మందుగా వాడుకొందురని ఎడ్వర్డ్ ఖాంట్జియన్ అను అమెరికా మనోవైద్యుడు 1985లో ప్రతిపాదించెను. 1998లో అమెరికాలో వెలువడిన ఒక పెద్ద పరిశోధన, బాల్యమున నాలుగు లేక అంతకు మించిన విధముల కష్టములకు లోనైన వారికి, అట్టివి ఎరుగని వారికంటె త్రాగుడు, మత్తుమందులు, మనోవ్యాకులత, ఆత్మహత్యాయత్నము వంటి ఆపదలు 4 మొదలు 12 రెట్లు అధికమని తెలిపెను.

అయినను చిరకాలము ఈ రోగికి రెండు వాకిళ్లును మూసియే యుండెను. వ్యసనమునకు చికిత్స చేయువారు, పాతగాయమును కదపినచో మరల త్రాగునని భయపడిరి. మనోవైద్యులు త్రాగుడు మానిన పిదపనే రమ్మనిరి. వాడు నిద్రకొరకు త్రాగును. ఆ త్రాగుడే నిద్రను చెరచును. నిద్ర చెడిన రాత్రి పాతభయము మరల లేచును. ఆ భయము అణగుటకు మరల త్రాగును. ముడి ఒక్కటే అయినపుడు, ఒక కొసను మాత్రమే పట్టి లాగినచో అది మరింత బిగియును.

నేటి చికిత్సకులు పలువురు రెండింటిని కలిపియే చూచుచున్నారు. అమెరికాకు చెందిన లీసా నజావిట్స్ 2002లో ప్రకటించిన 'సీకింగ్ సేఫ్టీ' అను పద్ధతియందు 25 అంశములు గలవు. దాని తొలిలక్ష్యము క్షేమము. ఈ పద్ధతిలో గతమును త్రవ్వరు. సాయము అడుగుట, కోపమును నిలుపుకొనుట, హాని చేయు సాంగత్యమును విడుచుట, తన శరీరమును తాను కాపాడుకొనుట నేర్పుదురు. మరియొక పద్ధతిలో, వ్యసనచికిత్సతోపాటు, చికిత్సకుని తోడుగా రోగి తాను తప్పించుకొని తిరుగు జ్ఞాపకమును మెల్లమెల్లగా ఎదుర్కొనును. ఆస్ట్రేలియాలో కేథరిన్ మిల్స్ మొదలగువారు 103 మందితో ఈ రెండవ పద్ధతిని పరీక్షించి 2012లో ఫలితములు ప్రకటించిరి. వాడుక చికిత్స మాత్రమే పొందినవారికంటె వీరి మనోగాయ లక్షణములు ఎక్కువగా తగ్గెను. మత్తు వాడకము పెరుగలేదు. గాయమును తాకినచో వ్యసనము ముదురునను పాతభయము ఇట్లు సడలినది. ఈ చికిత్సలు అందరికిని ఫలించునని కాదు; నడుమ మానివేయువారును కలరు. చిరకాలము మిక్కుటముగా త్రాగినవాడు ఒక్కమారుగా మానినచో మూర్ఛలు, మతిభ్రమ కలిగి ప్రాణాపాయము సంభవింపవచ్చును గనుక, ఆ దశలో వైద్యుని పర్యవేక్షణము తప్పనిసరి.

ఇచట ఒక ఆక్షేపణ పుట్టును. గాయమే కారణమైనచో వానిది దోషమే కాదా? భార్యను కొట్టి, ఆమె పుస్తెలు తాకట్టుపెట్టి త్రాగినవాడు నిరపరాధియా? కాడు. కారణము తెలిసికొనుట వేరు, తప్పును మాపుట వేరు. తగిలిన గాయమునకు వాడు బాధ్యుడు కాకపోవచ్చును. దానిని మాన్పుకొనుటకును, తాను చేసిన హానిని సరిదిద్దుటకును వాడే బాధ్యుడు. వానిపై చూపవలసిన దయకు మూల్యము భార్య దెబ్బలు కారాదు. ఆమెకును బిడ్డలకును ముందుగా రక్షణ కల్పింపవలెను. ఏలయన, ఆ యింట భయముతో ముడుచుకొని కూర్చున్న బిడ్డ మనస్సున రేపటి గాయము నేడే పడుచున్నది.

శరణుల చరిత్ర ఈ విషయమున మౌనముగా లేదు. 12వ శతాబ్దమున కల్యాణమందలి శరణులలో కల్లు అమ్ముట కాయకముగా గల హెండద మారయ్య ఒకడు. త్రాగవచ్చిన వారికే ఆయన త్రాగుడు కీడును బోధించెనని సంప్రదాయము. ఉరిలింగపెద్ది పూర్వము దొంగయనియు, గురువు చేపట్టిన పిదప శరణుడాయెననియు ప్రసిద్ధి. ఆ గురువు నిర్దోషిని వెదకి చేపట్టలేదు, చేపట్టి మార్చెను. మన కాలమున ఇలకల్ విజయ మహాంతేశ మఠాధిపతి డాక్టరు మహాంత శివయోగులు జోలె పట్టి వీధులు తిరిగి, ధనమునకు మారుగా జనుల దుర్వ్యసనములను భిక్షగా అడిగిరి. 2018లో లింగైక్యులైన ఆ స్వాముల జన్మదినము ఆగస్టు 1ని కర్ణాటకములో వ్యసనముక్త దినముగా జరుపుచున్నారు. వారు వ్యసనపరుని రాకకై వేచియుండలేదు. తామే వాని వాకిటికి వెళ్లిరి.

ఆ జోలెలో సీసాను వేసినవాడు ఇంటికి మరలునపుడు, లోపలి గాయము వానితోడనే మరలును. దానిని మరచినచో భిక్ష సగమే అందినట్లు. కావున మఠములును కుటుంబములును చేయదగినవి కొన్ని గలవు. ఏల త్రాగుచున్నావని గద్దించుటకు మారుగా, ఏమి బాధ అని అడుగవలెను, చెప్పుమని బలవంతపెట్టరాదు. వ్యసనమును మనోగాయమును రెండింటిని చూడగల వైద్యుని యొద్దకు తోడు వెళ్లవలెను. దారి తెలియనివారికి ప్రభుత్వము 2022లో ఆరంభించిన టెలి మానస్ 14416 సంఖ్య గలదు. చేతనైన కాయకమును, దాసోహమున పదిమందితో పంక్తిని కల్పింపవలెను. మరల జారినచో, ఇంటివారి క్షేమమును కాపాడుచునే, చికిత్సకు మరల దారి చూపవలెను.

ఇష్టలింగము పరిశుద్ధులకు ఇచ్చు బహుమానము కాదు, పరిశుద్ధికి సాధనము. మఠము వాకిలియు అట్టిదే కావలెను. త్రాగి వచ్చినవానితో మొదట పలుకవలసిన మాట "మానుకొని రమ్ము" అనునది కాదు. "రమ్ము, మానుటకు తోడుందుము" అనునది.