నిప్పు లేని పొగ

నిప్పు లేనిదే పొగ రాదని మన పల్లెలలో ఏ ముదుసలియైనను చెప్పగల మాటనే న్యాయశాస్త్రకారులు వ్యాప్తి యను పేరితో గ్రంథముల కెక్కించి, కొండపై పొగను చూచి అచ్చట నిప్పున్నదని నిశ్చయించుటకు మనుజునికి ఏమేమి తెలిసి యుండవలెనో శతాబ్దముల పర్యంతము తర్కించిరి. ఇంజనీరింగు కళాశాలలకు ప్రోగ్రామింగు ల్యాబు పరీక్షలలో ఎక్స్‌టర్నల్‌గా పోయి కూర్చున్న ప్రతి పర్యాయమును నాకు ఆ కొండయు ఆ పొగయు జ్ఞప్తికి వచ్చుచుండెడివి. తెరపై సరియైన ఔట్‌పుట్ కనబడుచున్నది; అది పొగ. దాని యెదుట కూర్చున్న పిల్లవాని బుద్ధిలో విషయము వెలిగినదా లేదా యనునది నిప్పు. మార్కులు వేయవలసినది నిప్పునకు. కంటికి ఆనునది పొగ మాత్రమే.

వడ్రంగి చేసిన పీట నాలుగు కాళ్లమీద కుదురుగా నిలిచినచో మనకు పీటతోనే పని గాని వడ్రంగి మనస్సుతో పని లేదు. విద్యార్థి వ్రాసిన ప్రోగ్రాము అట్టిది కాదు. పది సంఖ్యలను ఆరోహణ క్రమమున అమర్చు బబుల్ సార్టు వలన లోకమున కెవ్వరికిని ప్రయోజనము లేదు. అది వేలమంది వేలమారులు వ్రాసినదే, పరీక్ష ముగిసిన సాయంకాలమునకు చెత్తబుట్టలో చేరునదే. కార్యము స్వతహాగా నిష్ప్రయోజనమైనప్పుడు దాని విలువ యంతయు కర్తను సూచించుటయందే నిలిచియుండును. పరుల జ్ఞానము మనకు ప్రత్యక్షము కాదు గనుక పరీక్షాధికారి యనువాడు, తా నెరిగినను ఎరుగకున్నను, అనుమాన ప్రమాణముమీద బ్రతుకుచున్న తార్కికుడే.

ఈ యనుమానమును యంత్రమునకే అప్పగింపవచ్చునన్న ఊహ క్రొత్తది కాదు. అమెరికాలోని రెన్సెలేర్ పాలిటెక్నిక్ ఇన్‌స్టిట్యూట్‌లో జాక్ హాలింగ్స్‌వర్త్ అను నతడు, పంచ్ కార్డుల కాలముననే, విద్యార్థుల ప్రోగ్రాములను యంత్రముచేత దిద్దించిన వృత్తాంతమును 1960లో ప్రకటించెను. నేటి ఆన్‌లైన్ పరీక్షలలోని టెస్ట్ కేసులు ఆ వంశమువే. పరీక్షించి చూచుట వలన దోషమున్నదని తేలవచ్చును గాని దోషము లేదని తేలదని కంప్యూటరు శాస్త్రజ్ఞుడు డైక్‌స్ట్రా 1969లో రోము నగరపు సమావేశమున హెచ్చరించినాడు గదా, ఇక పొగ నిజముగా పొగయేనా యన్న సందేహము కూడ మిగిలియే యున్నది, దాని నట్లుంచుదము.

నిప్పున్న చోటనెల్ల పొగ యుండి తీరవలెననుటను మాత్రము తార్కికు లంగీకరింపరు. ఎఱ్ఱగా కాలిన ఇనుప గుండులో నిప్పున్నది, పొగ లేదు. తడి కట్టె తోడైనప్పుడే నిప్పు పొగను పుట్టించునని చెప్పి, ఆ తడి కట్టెకు ఉపాధి యని పేరు పెట్టిరి. ఒక యేడు ఒక కళాశాలలో లింక్డ్ లిస్టు చీటీ వచ్చిన విద్యార్థిని తెల్లకాగితముమీద గడులు గీసి, బాణములు వేసి, ఏ నోడు ఎచ్చట తెగి ఎచ్చట అతుకునో నాకే ముచ్చట పుట్టునట్లు వివరించినది. ప్రోగ్రాము మాత్రము నడిపినంతనే కూలిపోవుచున్నది. హాస్టలులో ఫలహారము మాని వచ్చినదట, చేతులు వణకుచున్నవి. నీళ్లు త్రాగి కొంతసేపు కూర్చుండుమంటిని. అరగంట పిదప తనంతట తానే, స్కాన్‌ఎఫ్‌లో ఆంపర్‌సాండ్ గుర్తు మరచితినని కనిపెట్టి దిద్దుకొన్నది. యంత్రమే దిద్దియున్నచో ఆ పిల్లకు సున్న.

దీనికి ప్రతిగా పొగవలె తోచుచు నిప్పు లేని పదార్థమును కలదు. వేకువను చెరువుమీద లేచు ఆవిరిని పొగ యని భ్రమించువానికి నిప్పు దొరకదు. రికార్డులు ఒకరివి చూచి ఒకరు వ్రాయుట మన కళాశాలలలో చిరకాలాచారము. ఆ పాపములో పాలు లేని పట్టభద్రుని నే నింకను చూడవలసి యున్నది. అలెక్స్ ఐకెన్ 1994లో నిర్మించిన మాస్ అను పరికరము, చరరాశుల పేర్లు మార్చినను మోసపోక, రెండు ప్రోగ్రాముల పోలికను పట్టి చూపును. అయితే అది రెండిండ్ల పొగయు ఒక్కటే యని చెప్పునే గాని నిప్పెవరి యింటిదో చెప్పదు. ఇక 2022లో వెలువడిన ఒక పరిశోధనలో, తొలి ప్రోగ్రామింగు కోర్సు ప్రశ్నపత్రములను కోడెక్స్ అను కృత్రిమ మేధచేత వ్రాయించి 71 మంది విద్యార్థుల సరసన నిలిపి చూడగా దానికి 17వ స్థానము వచ్చినది. నాటినుండి ప్రతి విద్యార్థి ముంగిటను ఒక చెరువు వెలసినదన్నమాట.

కర్మకు కారణములైదని గీత పదునెనిమిదవ అధ్యాయము చెప్పుచున్నది: అధిష్ఠానము, కర్త, కరణము, చేష్ట, దైవము. (ల్యాబులో దైవమనగా కరెంటు.) కంపైలరును, లైబ్రరీలను ఎవ్వరును ఆక్షేపింపలేదు, అవి కరణములు. కరణమే చేష్టనంతయు తనపై వేసికొన్న నాడు కర్త యెవ్వడు? స్వతంత్రుడైన వాడే కర్త యని పాణిని నిర్ణయము. ఆ స్వాతంత్ర్యమును శోధించుటకు మన పాత వైవాను, అనగా మౌఖిక పరీక్షను, మించిన సాధనము నాకు కనబడలేదు. “బాగున్నదోయ్, ఇదే ప్రోగ్రామును అవరోహణ క్రమమునకు మార్చుము” అన్నంతనే ఒకడు ఒక్క గుర్తును త్రిప్పి చేతులు కట్టుకొనును, మరియొకడు తెరను గాక పైకప్పును చూచును. అయినను దీని తీర్పు తిరుగులేనిదని చెప్పజాలను. అరువది మందికి మూడు గంటలైనప్పుడు ఒక్కొక్కని పాలికి మూడు నిమిషములే వచ్చును.

ఛాందోగ్యోపనిషత్తులోని శ్వేతకేతువు కథ ఈ విషయమున నన్ను విడువదు. పండ్రెండవ యేట గురుకులమునకు పోయి, ఇరువదినాలుగవ యేట సర్వవేదములు చదివితినన్న గర్వముతో తిరిగివచ్చిన యా కుమారుని తండ్రి ఉద్దాలకుడు పదునైదు దినములు నీరు తప్ప మరేమియు ముట్టకుమని శాసించి, తరువాత ఋక్కులు చెప్పుమనగా వానికి ఒక్కటియు తోపలేదు. ఆ క్షణమున మార్కులు వేసియున్నచో ఏమి వేయవలెను? తండ్రి వేయలేదు, భుజించి రమ్మనెను. భుజించి వచ్చిన పిదప అడిగిన దెల్ల చెప్పెను. మిణుగురంత నిప్పురవ్వ మిగిలినను గడ్డి వేసి రాజేసినచో భగ్గుమనునని ఋషి యిచ్చిన దృష్టాంతము. ఆకలి యైన గంటలో పొగ లేదు. నిప్పు లేదని యెవ్వ డనగలడు?

అదే ఉపనిషత్తులో అంతకు ముందే వానికి ఇంకొక వైవా జరిగినది. పాంచాలుర సభలో ప్రవాహణ జైవలి యను రాజు అయిదు ప్రశ్న లడిగెను. అయిదింటికిని తెలియదనియే సమాధానము. చిన్నబోయిన కుమారుడు ఇంటికి వచ్చి, నాకు చదువు చెప్పకయే చెప్పితి నంటివేమని తండ్రిని నిలదీసినాడు. తండ్రి దబాయింపలేదు, అందులో ఒక్కటియు తానెరుగనని యొప్పుకొని, తానే శిష్యుడై రాజు వద్దకు పోయెను. 2001లో నాలుగు విశ్వవిద్యాలయములలో 216 మంది తొలి యేటి విద్యార్థులకు ప్రోగ్రామింగు పరీక్ష పెట్టగా 110కి సగటున 22.89 వచ్చిన వృత్తాంతము చదివిననాడు నాకు జ్ఞప్తికి వచ్చినది కుమారుడు కాదు, ఈ తండ్రి.

మా ల్యాబులలో ఎక్స్‌టర్నల్ అడిగిన ప్రశ్నకు పిల్లవాడు తెల్లమొగము వేసినప్పుడు, ప్రక్కనున్న ఇంటర్నల్ మాస్టారు తటాలున అందుకొని, “అది సిలబసులో లేదండీ” అనును. నేనును ఇంటర్నల్‌గా కూర్చున్న సంవత్సరములలో ఆ మాటను చాల మారులే అంటిని.