చెరలో పుట్టి చెరలు తెరిచిన స్వామి



శ్రీకృష్ణ జన్మాష్టమికి మన ఇళ్ళలో గడప నుండి పూజగది దాకా బియ్యప్పిండితో చిన్ని చిన్ని పాదాలు వేసుకుంటాం. పిల్లలకు నెమలిపింఛం పెట్టి, చేతికి పిల్లనగ్రోవి ఇచ్చి ఫోటోలు తీసుకుంటాం. వెన్న, మీగడ, అటుకులు నైవేద్యం పెడతాం. కొన్ని ఇళ్ళలో పెద్దవాళ్ళు శొంఠి, బెల్లంతో చేసిన కాయం కూడా పెడతారు. అది బాలింతలకు పెట్టే మందు. పసివాడి సంబరంలో పడి తల్లిని మరిచిపోకూడదని మన అమ్మమ్మలు అనుకున్నారు కాబోలు. వైద్యవృత్తిలో ఉన్నవాళ్ళం కనుక మాకు ఆ నైవేద్యం ఎంతో గొప్పగా తోస్తుంది. ఆ అర్ధరాత్రి దేవకీదేవి పచ్చి బాలింత. ఉన్నది కారాగారంలో. అంతకు ముందే ఆరుగురు బిడ్డలను కంసుడి చేతిలో పోగొట్టుకున్న తల్లి.

భాగవతంలోని ఈ జన్మవృత్తాంతం మనందరికీ కంఠతా వచ్చినదే. సంకెళ్ళు ఊడిపోయాయి, కావలివాళ్ళు నిద్రపోయారు, తలుపులు తెరుచుకున్నాయి, యమున దారి ఇచ్చింది. వసుదేవుడు బిడ్డను రేపల్లెలో యశోద పక్కన పడుకోబెట్టాడు. ఇక్కడిదాకా అందరం భక్తిగా వింటాం. ఆ తరువాత జరిగినది మాత్రం తొందరలో దాటిపోతుంటాం. వసుదేవుడు వెనక్కి వచ్చాడు. తెరిచిన తలుపుల్లోంచే మళ్ళీ చెరలోకి నడిచాడు. తెచ్చిన ఆడపిల్లను దేవకి పక్కన ఉంచి, తన కాళ్ళకు తానే సంకెళ్ళు తగిలించుకున్నాడు.

ఒక్క క్షణం ఆలోచించండి. బయట చీకటి, వాన. అడ్డగించేవాడు ఒక్కడూ లేడు. ఆయన పారిపోవచ్చు. కానీ తెల్లవారి చెర ఖాళీగా కనబడితే కంసుడు బిడ్డ కోసం ఊరూరా వెదికిస్తాడు. బిడ్డ స్వేచ్ఛగా పెరగాలంటే తండ్రి సంకెళ్ళలో ఉండాలి. బృందావనంలో కృష్ణుడు ఆడిన ప్రతి ఆట వెనుక ఆ రాత్రి తండ్రి తిరిగి తగిలించుకున్న సంకెళ్ళు ఉన్నాయి.

ప్రవాసంలో ఉన్న మనకు ఈ మాట వేరే చెప్పాలా? మనలో ఎందరికో తల్లిదండ్రులు పొలం తాకట్టు పెట్టి, అప్పు తెచ్చి విమానం టికెట్టు కొని ఇచ్చారు. విమానాశ్రయంలో నవ్వుతూ చెయ్యి ఊపి, ఇంటికెళ్ళి అప్పు తీర్చడం మొదలుపెట్టారు. కొన్ని సంవత్సరాల్లో కృష్ణాష్టమి ఆగస్టు 15కు అటూ ఇటూగా వస్తుంది. 1947లో వచ్చిన ఆ స్వాతంత్ర్యం కూడా జైళ్ళలో మగ్గినవారు మనకు పెట్టిన భిక్షే. మన స్వేచ్ఛ మన సంపాదన కాదు. ఎవరో సంకెళ్ళు తగిలించుకుంటే మన చేతికి వచ్చినది. మరి అలా వచ్చినదానిని ఏం చేయాలి?

కృష్ణుడు ఏం చేశాడో చూద్దాం. కంసుడిని చంపాక ఆయన తల్లిదండ్రుల సంకెళ్ళు తీయించి, వాళ్ళ పాదాలకు నమస్కరించాడు. సింహాసనం ఎదురుగా ఉన్నా తాను కూర్చోలేదు, తాత ఉగ్రసేనుడిని కూర్చోబెట్టాడు. తరువాత నరకాసురుడిని వధించి, అతని చెరలోని పదహారువేలమంది రాకుమార్తెలను విడిపించాడు. ఆ తరువాత ద్వారకకు ఒక దూత వచ్చాడు. జరాసంధుడి చెరలో ఉన్న రాజులు పంపిన మనిషి అతడు. భాగవతం లెక్క ప్రకారం వాళ్ళు 20,800 మంది. కృష్ణుడు భీమార్జునులను వెంటబెట్టుకుని వెళ్ళి, భీముడిచేత జరాసంధుడిని చంపించి, ఆ తలుపులూ తెరిపించాడు. చెరసాలలో పుట్టినవాడు జీవితమంతా చెరసాలలు తెరుస్తూనే ఉన్నాడు. కృష్ణావతారంలో మాకు కనిపించే పెద్ద పాఠం ఇదే.

తలుపు తెరవడంతో ఆయన పని అయిపోలేదన్నది కూడా గమనించాలి. ఆ రాజులు ఆకలితో చిక్కి, మాసిన బట్టలతో బయటికి వచ్చారు. స్వామి వాళ్ళకు స్నానాలు చేయించి, మంచి బట్టలు ఇప్పించి, కడుపునిండా భోజనం పెట్టించి, రథాలెక్కించి ఎవరి ఊరికి వాళ్ళను పంపించాడు. రాకుమార్తెలను కూడా మీ దారిన మీరు పొండి అనలేదు. పరాయివాడి చెరలో ఉండి వచ్చిన ఆడవాళ్ళను లోకం ఏమంటుందో తెలిసినవాడు కనుక తన ఇంట గౌరవస్థానం ఇచ్చాడని పెద్దలు చెబుతుంటారు. ఆసుపత్రిలో మేము రోజూ చూసేది ఇదే. డిశ్చార్జి కాగితం చేతికిచ్చినంత మాత్రాన రోగి కోలుకున్నట్లు కాదు. ఇంటికి తీసుకెళ్ళేదెవరు, మందులు తెచ్చేదెవరు, గంజి కాచి ఇచ్చేదెవరు అన్నదాని మీద సగం ఆరోగ్యం ఆధారపడి ఉంటుంది.

ఇది దేవుడికే చెల్లుతుంది, మనలాంటివాళ్ళ వల్ల ఏమవుతుంది అనుకోనక్కరలేదు. మన రాజమండ్రిలో 1909లో పుట్టిన దుర్గాబాయి గారికి ఎనిమిదేళ్ళకే పెళ్ళి చేశారు. ఊహ వచ్చాక ఆమె ఆ పెళ్ళి వద్దని బయటకు వచ్చింది. ఉప్పు సత్యాగ్రహం రోజుల్లో జైలుకు వెళ్ళింది. చట్టం తెలియక, తమ మాట చెప్పుకోలేక శిక్షలు అనుభవిస్తున్న ఆడవాళ్ళను అక్కడ చూసింది. బయటికి వచ్చి పట్టుదలగా చదివి, మద్రాసులో న్యాయశాస్త్రం పూర్తి చేసింది. 1937లో ఆంధ్ర మహిళా సభను స్థాపించింది. చదువు ఆగిపోయిన ఆడపిల్లలకు, భర్త పోయినవాళ్ళకు, పుట్టింటివాళ్ళూ అత్తింటివాళ్ళూ వదిలేసినవాళ్ళకు అది నీడ అయింది. రాజ్యాంగసభలో కూర్చున్న కొద్దిమంది మహిళల్లో ఆమె ఒకరు. తన కష్టాన్ని ఆమె చెప్పుకుని ఏడవడానికి వాడుకోలేదు, పదిమందికి దారి చూపడానికి వాడుకుంది.

మా ఇంటి సంగతి కూడా ఒకటి చెప్పుకుంటాం. మేము రెసిడెన్సీలో ఉన్న రోజుల్లో మా పాప నెలలు నిండకుండా పుట్టి, ఏడు వారాలు ఇంక్యుబేటర్లో ఉంది. ఇద్దరం వైద్యులమే. ఏ మిషను ఏం చెబుతోందో తెలుసు. కానీ రాత్రి రెండు గంటలకు ఖాళీ చేతులతో ఇంటికి వెళ్ళడం ఎలాగో ఏ పుస్తకంలోనూ చదవలేదు. అప్పట్లో మాకు పరిచయం కూడా లేని ఒక తెలుగు ఆవిడ ఎవరి ద్వారానో విని, పెరుగన్నం డబ్బా పట్టుకుని వచ్చారు. ఆమె కవలల్లో ఒకరు అలాంటి గదిలోనే పోయారట. ఆమె మాకు ఏ వేదాంతమూ చెప్పలేదు. "అమ్మా, నువ్వు కట్టుకున్న మెత్తని గుడ్డముక్క ఒకటి నర్సుకిచ్చి పాప పక్కన పెట్టించు. నీ వాసన తెలుస్తుంది" అన్నారు. మాకు తెలిసిన విషయమే, కానీ ఆ రోజు ఆమె నోట వింటేనే గుండెకు చేరింది. ఆ తరువాత ఎవరి బిడ్డ అక్కడ ఉందని తెలిసినా పెరుగన్నం కలుపుకుని వెళ్ళడం మా ఇంట అలవాటైంది.

ఇక్కడ ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. కష్టంలో ఉన్నవాళ్ళతో "అంతా మన మంచికే" అనకండి. దేవకీదేవి కృష్ణుడు ద్వారకను ఏలే రోజుల్లో కూడా, పోయిన ఆ ఆరుగురిని ఒక్కసారి చూపించమని అడిగిందని భాగవతం చెబుతోంది. రాజమాత అయినా దుఃఖం పోలేదు. ఎప్పటి మాట అమ్మా అని కృష్ణుడు కొట్టిపారేయలేదు. సుతల లోకానికి వెళ్ళి వాళ్ళను తెచ్చి తల్లి ఒడిలో పెట్టాడు. ఆ తరువాత వాళ్ళు దేవలోకానికి వెళ్ళిపోయారు. కష్టం దానంతట అది గొప్పది కాదు. దానిని దాటి వచ్చిన మనిషి చెయ్యి చాపడమే గొప్పది.

మన మధ్య ఉన్న చెరలు ఇనుప కటకటాలతో కనబడవు. మనుమలను చూసుకోవడానికి వచ్చి, కారు నడపడం రాక, పగలంతా కిటికీ దగ్గర కూర్చునే అత్తయ్యలు, మామయ్యలు ఉన్నారు. పాస్‌పోర్టు, బ్యాంకు కార్డు భర్త చేతిలో ఉండి, దెబ్బలు తిన్నా పరువు పోతుందని నోరు విప్పని ఆడపిల్లలు ఉన్నారు. ఉద్యోగం పోయిన సంగతి ఇంట్లో చెప్పలేక రోజూ కారు తీసి బయటికి వెళ్ళే తండ్రులు ఉన్నారు. దిగులుతో గది తలుపు వేసుకునే కాలేజీ పిల్లలు ఉన్నారు. ప్రాణం మీదికి వచ్చినప్పుడు 911కి, బతకాలని లేదనిపించినప్పుడు 988కి ఫోన్ చేయడం తప్పు కాదు, సిగ్గుచేటు అంతకన్నా కాదు. కంసుడు ఇంట్లోవాడే అయినా అన్యాయాన్ని కృష్ణుడు ఇంటి గుట్టు అని దాచలేదు.

అందుచేత ఈ అష్టమికి మా విన్నపం ఒక్కటే. మీరు దాటి వచ్చిన కష్టం ఏదో ఒకసారి తలుచుకోండి. జబ్బు కావచ్చు, వీసా బాధ కావచ్చు, విడాకులు కావచ్చు, అయినవాళ్ళు పోవడం కావచ్చు. ఇప్పుడు అదే కష్టంలో ఉన్నవాళ్ళు మన ఆలయంలోనే ఎవరో ఉంటారు. ఒక పెద్దావిడను శనివారం గుడికి కారులో తీసుకురండి. ఒక ఇంటికి అన్నం పట్టుకెళ్ళండి. విన్నది మరొకచోట చెప్పకండి.

పండుగనాడు గడప దగ్గర పాదాలు వేసేటప్పుడు అవి ఇంట్లోకి వచ్చేటట్లు వేస్తాం. స్వామి లోపలికి వచ్చాక మన పాదాలు మరొకరి గడప దాకా నడవాలి. ఆయనకు ఇష్టమైన నైవేద్యం అదే.

శ్రీకృష్ణార్పణమస్తు.