ద్విభాషి కావలసినదెవరు?

మందమర్రి వంటి గనుల ఊళ్లో ఒకే భాషతో బతుకు గడవడం కష్టం. బాయి దిగే మనిషి ఇంట్లో ఏ భాష మాట్లాడినా, చివరకు ఇంగ్లీషు కాగితం మీద సంతకం పెట్టక తప్పదు. చుట్టుపక్కల పాత ఆదిలాబాదు జిల్లాలోని గోండుకు ఇంట్లో గోండీ, సంతలో తెలుగో మరాఠీయో కావాలి. దీన్ని చూసి బహుభాషా సంస్కృతి అని మనం మురిసిపోతాం. కాని ఈ భాషలన్నీ నేర్చే భారం ఎవరి మీద పడిందని అడగం. గోండు తెలుగు నేర్చాడు. అతని అర్జీ తీసుకునే తెలుగు ఉద్యోగుల్లో గోండీ నేర్చినవారెందరు?

ఈ ప్రశ్న కెనడాలోనూ పుట్టింది. ఇంగ్లీషు రాని ఫ్రెంచివాడు కేంద్ర ప్రభుత్వోద్యోగంలో పైకి రావడం అక్కడ దుర్లభంగా ఉండేది. 1969 నాటి అధికార భాషల చట్టం ఆ భారాన్ని తిరగవేసింది: రెండు భాషలు నేర్వవలసింది పౌరుడు కాదు, ప్రభుత్వం. 1977లో క్విబెక్ రాష్ట్రం ఫ్రెంచిలో పనిచేసే హక్కును శ్రామికునికి శాసనం ద్వారా ఇచ్చింది. అయితే అదే దేశంలో ఆదివాసుల భాషలకు కేంద్ర చట్టం వచ్చేసరికి 2019 అయింది. ఒక భాష న్యాయం పొందినంత మాత్రాన దాని పక్కనున్న భాషకు న్యాయం జరుగుతుందన్న నమ్మకం లేదు.

మన చరిత్ర మాత్రం వేరా? 1921లో హైదరాబాదులో జరిగిన ఒక సంస్కరణ సభలో ఆలంపల్లి వెంకటరామారావు తెలుగులో మాట్లాడబోతే ఎగతాళి చేశారు. ఆ అవమానంలోంచే ఆంధ్ర జనసంఘం పుట్టింది. 1966లో తెలుగు ఆంధ్రప్రదేశ్‌లో చట్టప్రకారం అధికార భాష అయింది. నాడు మనం పడ్డ అవమానం నేడు మన కచేరీలోనే గోండుకు ఎదురైతే, మనం గెలిచింది హక్కా, పెత్తనమా?

రాజ్యాంగంలో 1956లో చేరిన 350-ఎ అధికరణం, అల్పసంఖ్యాక భాషల పిల్లలకు ప్రాథమిక విద్య మాతృభాషలో అందే వసతులు కల్పించమంటుంది. కాని ఎనిమిదవ షెడ్యూలులోని 22 భాషల్లో గోండీ లేదు. 2011 జనాభా లెక్కల్లో గోండీ మాతృభాష అన్నవారు దాదాపు 30 లక్షలు. సంస్కృతం అన్నవారు 25 వేల లోపు. సంస్కృతం షెడ్యూలులో ఉంది. దాన్ని తీసివేయమనడం లేదు. జనం లెక్కకు రానిచోట ప్రతిష్ఠ లెక్కకు వస్తున్నదని మాత్రమే అంటున్నాను.

గోండు యువకుడే తెలుగూ ఇంగ్లీషూ కోరుతున్నాడు కదా అని కొందరంటారు. నిజమే, కోరాలి కూడా. ఉద్యోగాలు ఆ భాషల్లో ఉన్నాయి. కాని బతుకుతెరువు కోసం నేర్చుకోవడం వేరు, మాతృభాషలో ఆపద చెప్పుకోలేకపోవడం వేరు. ఆసుపత్రిలో నొప్పి ఎక్కడో చెప్పడానికి, కోర్టులో తనమీద మోపిన నేరమేమిటో తెలుసుకోవడానికి మనిషి ముందు పరాయిభాషలో ఉత్తీర్ణుడు కావాలా?

ఇన్ని భాషలైతే శ్రామికుల ఐక్యత చెడుతుందనేవారూ ఉన్నారు. 1952 నాటి గనుల చట్టం తన సారాంశాన్ని ఇంగ్లీషుతోపాటు నిర్ణీతమైన ఇతర భాషల్లోనూ గని వద్ద పెట్టమన్నది. దానివల్ల ఐక్యత చెడలేదు. హెచ్చరిక అర్థం కానివాడి పక్కన పనిచేసేవాడికీ ప్రమాదమే. ఒకడి మౌనం మీద నిలిచేది ఐక్యత కాదు.

తెలుగు చెప్పి జీతం తీసుకునే నాబోటివాడికి ఈ మాట సుఖంగా లేదు. అయినా ఢిల్లీని హిందీ గురించి నిలదీసే మనం, అదే ప్రశ్న మన బడిలో, మన యూనియన్ సభలో వేసుకోక తప్పదు. అధికారం ఎవరి చేతిలో ఉందో ముందు వారు ద్విభాషులు కావాలి.